కుంకుమ కింద చెరిగిన నంబరు

మొన్న మోకాళ్ల నొప్పికి మనవరాలు నన్ను పెద్దాసుపత్రికి తీసుకెళితే, బల్ల వెనక కూర్చున్న పిల్ల నా ఆరోగ్య కార్డు చూసి, ఉచితం వాళ్లంతా ఆ పక్కన నిలబడాలని చెయ్యి చూపించింది. ఉచితమట! ఆ మాట వింటే ఈ వయసులోనూ నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకో, నాతోపాటు కార్ఖానాల్లో చెమటోడ్చిన మీకు చెప్పనక్కర్లేదు.

పందొమ్మిది వందల అరవైల్లో నేనూ, మా అన్న భార్యా తాడిపత్రిలో బండలు నునుపు పెట్టే కార్ఖానాలో పనిచేసేవాళ్లం. వారం వారం మా కూలిలో కొంత కార్మికుల బీమా కింద పట్టుకుని, నంబరు వేసిన అట్టముక్క చెరొకటి చేతిలో పెట్టారు. జబ్బు చేస్తే బీమా ఆసుపత్రిలో అది చూపించాలని, డాక్టరు చీటీ రాస్తే పనికి పోలేని రోజులకూ సగం కూలి వస్తుందని మాకెవరు విడమరిచి చెప్పారు గనక! సర్కారు ముద్ర ఉంది కదా, మంచి కాగితమే అయ్యుంటుందని మా అమ్మ రెండు కార్డులనూ దేవుడి గూట్లో పెట్టి, ప్రతి శుక్రవారం పటాలతో పాటు వాటికీ పసుపూ కుంకుమా పెట్టేది. నవ్వకండి, మా వీధిలో సగం ఇళ్లలో అదే వరస.

ఒక ఎండాకాలం బండ జారి వదిన పాదం మీద పడింది. బీమా ఆసుపత్రంటే ధర్మాసుపత్రే అనుకుని, అక్కడికి పోవడం నామోషీ అని ఆకుపసరు కట్టి మూడు రోజులు చూశాం. వేళ్లు నల్లబడి వాపు చీలమండ దాకా పాకేసరికి, కాలు పోతుందేమోనని నాయన బెంబేలెత్తి, కార్ఖానా మేస్త్రీ చెబితే గూట్లోని కార్డు తీసిచ్చి మమ్మల్ని జట్కా ఎక్కించాడు. తీరా బీమా ఆసుపత్రిలో కార్డు తీస్తే నంబరు లేదు. కుంకుమ తుడిస్తే సిరా కూడా దానితోనే వచ్చేసింది. నంబరు లేనిదే మందు లేదు, పొమ్మన్నాడు కాంపౌండరు.

నేను ఏడుస్తూ బతిమాలబోయాను. వదిన నా చెయ్యి విదిలించి, మెట్ల మీద కాలు బారజాపి కూర్చుంది. "కూలి కోసుకునేటప్పుడు నా నంబరు బాగానే కనపడె గదప్పా, మందు ఇచ్చేటప్పుడు కనపడల్యా? నేనేం బిచ్చానికి రాల్యా. ఈడనే ఉంటా!" అని అరిచింది. వెనక నిలబడ్డ బండల పనివాళ్లంతా ఆమె పక్కనే చతికిలబడ్డారు. గొడవ విని బయటికొచ్చిన డాక్టరు ముందు ఆమె కాలు చూశాడు, ఆ తర్వాతే నంబరు తెమ్మని కార్ఖానాకు నాతో చీటీ పంపించాడు.

రెండు వేళ్లు పోయాయి గానీ పాదం దక్కింది. ఇంట్లో ఉన్న రెండు నెలలకూ సగం కూలి వచ్చింది. ఆ తర్వాత మా వీధి ఆడవాళ్లు ఆ ఆసుపత్రికి తలెత్తుకునే పోయేవారు.

ఇప్పుడు గుండెకు కూడా కార్డు మీదే ఆపరేషన్ చేస్తున్నారు, సంతోషమే. కానీ మనవాళ్లు దాన్ని ఎవరో చేసిన దయ అనుకుని చేతులు కట్టుకుని నిలబడుతుంటే నాకు వదినే గుర్తొస్తుంది. వదిన పోయి పన్నెండేళ్లయింది. అడగాల్సింది అడగడానికి అలా కాలు బారజాపి కూర్చునే మనిషి మళ్లీ నాకెక్కడా కనిపించలేదు.