కేతేపల్లి అల్లుడి చేతి మీది నెంబరు

పోయిన వారం నా సెల్‌ఫోనుకు ఇంగ్లీషులో ఒక మెసేజీ వస్తే మా కోడలు చదివి చెప్పింది. నేను ఇన్నేళ్లుగా వాడుతున్న కంపెనీ పేరు ఇక ఉండదట, పెద్ద కంపెనీలో కలిసిపోతుందట, ఇన్నాళ్లూ తోడున్నందుకు కృతజ్ఞతలట, పేరు పోయినా మీ నెంబరు మీకే ఉంటుంది కాబట్టి దిగులు పడవద్దట.

"మంచిదే గద అమ్మీ, గట్ల మొకం పెట్టినవేంది?" అన్నది కోడలు.

ఆ పిల్లకు ఏమని చెప్పను? పేరు పోయినా నెంబరు ఉంచవచ్చన్న మాట వినడానికి నాకు పాతికేళ్లకు పైగా పట్టింది, విన్న రోజు సంతోషానికి బదులు ఒళ్లు మండింది.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, తొంభైలలో ఫోనంటే బస్టాండు పక్కన అద్దాల డబ్బా. నకిరేకల్‌లో మా ఆయన రేడియోలు బాగుచేసే దుకాణంలో ముందు సగం జాగాను పట్నం కంపెనీ ఒకటి ఫోను కేంద్రం చేసింది. ఆ కంపెనీకి సొంతంగా ఒక తీగ లేదు, ఒక స్తంభం లేదు. సర్కారు లైన్లు తన పేర తీసుకొని మా వంటి వాళ్లకిచ్చి, పైన తన పసుపు బోర్డు తగిలించేది. బోర్డు మీద నల్లటి పిట్ట, కింద 'మైనా' అని పేరు. రెండు మూడేళ్లలో ఇటు భువనగిరి దాకా, అటు పాలమూరు దాకా ఏ బస్టాండులో దిగినా ఆ పిట్టే కనిపించేది. నన్నందరూ మా ఇళ్లలో అక్కను పిలిచినట్టు మైనా ఆపా అని పిలుస్తుంటే మా అత్తమ్మ, "మీ అబ్బ పెట్టిన పేరు ఏ గంగల గలిపినవే?" అని దెప్పేది, నేను లోలోపల మురిసిపోయేదాన్ని.

నేను బడి మెట్లెక్కలేదు. ఖురాను, ఉర్దూ, పొట్లాలు కట్టి వచ్చిన పాత పేపర్లతో తెలుగు, అన్నీ మా అబ్బా ఇంట్లోనే నేర్పాడు. గుక్కెడు నీళ్లు తాగినా షుక్రియా చెప్పడమూ ఆయనే నేర్పాడు. నేర్పనిది ఇంగ్లీషు ఒక్కటే. కంపెనీ మనిషి ఇంగ్లీషు కాగితాలు తెచ్చి "మీరూ మా కుటుంబమేనమ్మా" అన్న రోజు, మేమిద్దరం సంతకాలు పెట్టి, షర్బతు తాగించి, సీసాడు మామిడికాయ తొక్కు కట్టిచ్చి పంపాం.

ఆడమనిషి కూర్చునే చోటు కాబట్టి ఆడవాళ్లు మా దగ్గరికే వచ్చేవాళ్లు, సిగ్గుపడకుండా ఏడ్చేవాళ్లు. వలస పోయిన మగవాళ్లు వారపు అంగడి రోజున మా నెంబరుకు చేస్తే, అంగడికొచ్చిన భార్యలు ఎత్తి మాట్లాడేవాళ్లు. ఆ రోజు నేను నమాజు చేసే జానిమాజు కూడా ఫోను పక్కనే పరుచుకునేదాన్ని, నమాజు ముగించి సలాం తిప్పేలోపు గంట ఆగిపోతుందేమోనని నా భయం.

అట్లా వచ్చేవాళ్లలో కేతేపల్లి పిల్ల ఒకతె. పాలమూరు దిక్కు ఇచ్చారు, కానుపుకు తల్లిగారింటికి వచ్చింది. మొగుడు మేస్త్రి వెంట బొంబాయి దిక్కు కాలువల పనికి పోయాడు, ఇవ్వాళ ఒక ఊరు, రేపొక ఊరు, ఉత్తరం రాద్దామంటే చిరునామా లేదు. అతనికి చదువు రాదు, కాగితం మీద రాసిచ్చిన నెంబరు చెమటకు తడిసి పోతుంటే, జాతరలో పచ్చబొట్లు పొడిచే ఆమె దగ్గర కూర్చొని మా నెంబరును ముంజేతి మీద పొడిపించుకున్నాడు. ఏ ఊళ్లోనైనా చేయి చాపితే చాలు, ఫోను బూతు వాళ్లు చూసి కలిపేవాళ్లు. "నా పేరు పొడిపించుకోరాదూ అంటే నీ నెంబరు పొడిపించుకున్నడు ఆపా, ఇగ నువ్వే ఏలుకో," అని ఆ పిల్ల అంటే అంగడి ఆడవాళ్లంతా పడీపడీ నవ్వారు.

ఆమెకు ఎనిమిదో నెల నిండుతుండగా కంపెనీ నుంచి కాగితం వచ్చింది. మైనా అన్న పేరునే తీసేస్తున్నారట, వారంలో లైను ఆగిపోతుందట. మా ఆయన పట్నం పోయి, ఆ నెంబరును మా పేర మార్చండి, కాకుంటే ఒక్క రెండు నెలలు ఉంచండి అని బతిమాలాడు. నెంబరు కంపెనీదేనని ఇంగ్లీషులో రాసి ఉన్న, మేం సంతకం పెట్టిన కాగితం ముందు పెట్టి, "పేరే తీసేస్తున్నప్పుడు ఇంకా నెంబరెందుకండీ?" అన్నాడట అక్కడి ఆఫీసరు. బోర్డు విప్పడానికి వచ్చినవాడు ఫోను కూడా సంచిలో వేసుకొని పోతుంటే, అలవాటు కొద్దీ మంచినీళ్లిచ్చి షుక్రియా అన్నాను. ఆ ఒక్క మాటకు నన్ను నేను ఈనాటికీ తిట్టుకుంటాను.

సర్కారు లైనుకు అర్జీ పెట్టుకుంటే నెలలు పట్టింది, వచ్చింది వేరే నెంబరు. ఈలోగా కేతేపల్లి పిల్ల నెలలు నిండిన పొట్టతో అంగడి అంగడికీ వచ్చి, ఫోను లేని బల్ల ముందు కూర్చొని పోయేది. ఆడపిల్ల పుట్టాక చంకనేసుకొని వచ్చేది. కొన్నాళ్లకు రావడం మానేసింది.

అతను ఏడాది దాటాక వచ్చాడు. నకిరేకల్‌లో బస్సు దిగి నేరుగా మా దుకాణానికే వచ్చాడు. మనిషి నల్లబడి చిక్కిపోయాడు, చేయి చూసి పోల్చుకున్నాను. "గంట మోగుతనే ఉండె ఆపా. ఎన్ని ఊర్లకెల్లి చేసిన! ఒక్కపారన్న ఎత్తకపోతివి. మావోళ్లకు ఏమన్న అయిందో, నా మీద కోపమో తెల్వకపాయె," అన్నాడు. ఎవరితోనో కార్డు కూడా రాయించాడట, అదీ చేరినట్టు లేదు. లైను తీసేసిన సంగతంతా, ఇక్కడ ఫోను లేకున్నా చేసేవాళ్ల చెవిలో గంట మోగుతుందనీ చెప్పాను. తల ఊపాడు, కానీ గంట తన చెవులతో విన్న మనిషి ఎట్లా నమ్ముతాడు? బిడ్డ పుట్టిందనీ, గోడ పట్టుకొని నడుస్తున్నదని అంగడిలో విన్నాననీ నేనే నా నోటితో చెప్పాను. సంచిలోంచి పసిబిడ్డకని కొన్న ఊలు టోపీ తీసి, రెండు పిడికిళ్లు అందులో పెట్టి ఎంత సాగుతుందో చూశాడు.

ఎవరూ చావలేదు కాబట్టి దీన్ని అన్యాయమని ఎవరూ అనలేదు. తల్లీ బిడ్డా బతికినందుకు, అతను తిరిగొచ్చినందుకు అల్లాకు ఐదు పూటలా షుక్ర్ చెబుతాను. కంపెనీ వాళ్లకు మాత్రం నా దగ్గర దువా లేదు. ఆ కంపెనీ తీసుకుపోయింది తన పిట్టను కాదు, ఒక తండ్రి బిడ్డ ఏడుపు వినవలసిన ఏడాదిని. పైగా ఫోను వదిలి కదలని నన్ను, ఎత్తని మనిషిని చేసి పోయింది.

మొన్న ఆ కేతేపల్లి అల్లుడు దవాఖానలో కలిశాడు. బీపీ చూపించుకోవడానికి చొక్కా చేయి మడిచి కూర్చున్నాడు, అంకెలు ముడతల్లో అలుక్కుపోయినా చదవవచ్చు. నర్సమ్మ ఎవరి నెంబరని అడిగితే నా వైపు చూసి, "మా ఆపాది బిడ్డా. ఎన్నిసార్లు చేసినా ఎత్తది," అని నవ్వాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

కోడలితో ఆ మెసేజీ తీసెయ్యమన్నాను. ఇప్పుడు ప్రతి జేబులో ఫోనుంది, మోగితే పిల్లలు ఎవరిదో చూసి పక్కన పెడతారు. నా వల్ల కాదు. అప్పులిస్తామని చేసేవాళ్లదైనా సరే, రెండో గంట మోగనివ్వను. అవతల ఎవరో చేయి చాపి నిలబడి ఉన్నట్టే ఉంటుంది.