ఎడమ పురి

దెయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకం అంతకన్నా లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఈవిడకి మొదటినించీ ఆ పిచ్చి ఉందని మీరు అనుకోకూడదని. చీరాల దగ్గర మా ఇంట్లో, పెదనాన్న పోయిన గదిలో పడుకోడానికి మగపిల్లలు జంకితే, నేను పక్క వేసుకుని గుర్రుపెట్టి నిద్రపోయినదాన్ని. ఎవరికైనా పూనకం వచ్చిందంటే, ముందు ఆ మనిషి అన్నం తిన్నదా లేదా అని అడిగే రకాన్ని.

అలాంటిదాన్ని, ఎనభైల మొదట్లో అమెరికాలో ఒక శనివారం పట్టపగలు జరిగిన సంగతిని ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

అప్పుడు మా ఆయనకి కాలిఫోర్నియాలో, శాన్ హోసేలో ఉద్యోగం. పొద్దున్నే కారేసుకుని వెళ్తే మళ్ళీ దీపాలు పెట్టాకే రావడం. నాకు డ్రైవింగ్ రాదు. పని చేసుకోడానికి నా వీసా ఒప్పుకోదు. తెలిసిన తెలుగు కుటుంబం ఒక్కటే, నెలకోసారి కలిస్తే గొప్ప. ఇండియాకి ఫోన్ చెయ్యడమంటే ఎవరికైనా ప్రాణం మీదకి వచ్చినప్పుడే.

నేను పుట్టింది మగ్గాల ఇంట్లో. తెల్లారేసరికి మగ్గాల చప్పుడు, రాట్నం చప్పుడు, వాటిని మించి మనుషుల అరుపులు. ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని తిడుతూనే ఉండేవారు. అక్కడినించి వచ్చి, ఫ్రిజ్ మూలుగు తప్ప ఏదీ వినపడని అపార్ట్‌మెంట్‌లో పడ్డాను. మొదట్లో స్టవ్‌తో మాట్లాడేదాన్ని, "కాస్త ఆగవే తల్లీ, పాలు పొంగుతాయి" అని. తర్వాత కుర్చీలతో. ఒకరోజు మా ఆయన తొందరగా ఇంటికొచ్చి తలుపు దగ్గర నిలబడి విన్నారు. నేను ఖాళీ కుర్చీకి మా చెల్లెలి పెళ్ళి కబుర్లు చెప్తున్నాను.

ఆయన జాలిగా "అన్నం తిన్నావా?" అని మాత్రం అడిగారు. కానీ ఆ వారంనించే "ఆర్నెల్లు మీ వాళ్ళ దగ్గర ఉండి రా, టికెట్ చూస్తాను" అనడం మొదలుపెట్టారు. ఆయన ఉద్దేశం మంచిదే. నాకు మాత్రం వెళ్ళడానికి మనసొప్పలేదు. మతి చెడిందని పంపించేశాడట అని ఊరంతా చెప్పుకుంటుంది. ఊరి సంగతి అలా ఉంచండి. నిజంగానే నాకు మతి పోతోందేమోనని నా అసలు భయం. చెప్పుకోడానికి ఎవరూ లేరు, కుర్చీ తప్ప.

ఆ శనివారం ఆయనకి ఆఫీసులో పని పడింది. ఊళ్ళో జపాన్ వాళ్ళు ఉండే వీధి ఒకటుంది, అక్కడ ఏటా ఒకసారి చేతిపనుల సంత జరుగుతుంది. కాస్త మనుషుల మధ్య ఉంటాను కదా అని నన్ను అక్కడ దింపి, సాయంత్రం వస్తానని వెళ్ళిపోయారు.

బౌద్ధుల గుడి పక్కన పెద్ద హాలు. మట్టి గిన్నెలు, వెదురు బుట్టలు, కాగితం మడిచి చేసిన కొంగలు, నీలిరంగు గుడ్డలు. వంటింట్లోంచి నువ్వులనూనె వాసన. చీర మీద మా ఆయన స్వెట్టర్ వేసుకున్న నన్ను చూసి అందరూ మర్యాదగా తలవంచి నవ్వారు. నేనూ వంచి నవ్వాను. అంతకు మించి మాట సాగలేదు. వచ్చినవాళ్ళంతా ఎవరో ఒకరితో వచ్చారు. అంతమంది మధ్య ఒంటరిగా తిరగడం కన్నా ఇంట్లో కుర్చీయే నయమనిపించింది.

హాలు చివర, కుండల దుకాణం వెనక ఒక మూల మగ్గం కనపడింది.

నాకు కాళ్ళు ఆగలేదు. మా మగ్గంలా గుంటలో దిగి నేసేది కాదు, కొయ్య చట్రం మీద నిలబెట్టింది. మగ్గం పైనించి నీలం గుడ్డలు వేలాడదీశారు. దగ్గర మనుషులు లేరు. మగ్గంలో పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోయి కొసలు వేలాడుతున్నాయి. వాటికెదురుగా కొత్త పడుగు సిద్ధంగా ఉంది, కొసలు ఈ అంచునించి ఆ అంచుదాకా చిన్న చిన్న కుచ్చులుగా ముడివేసి. రెంటినీ అతకడమే తరువాయి.

తెలియనివాళ్ళకి చెప్పాలి. ఒక పడుగు అయిపోతే నేతవాళ్ళు మళ్ళీ మొదటినించి మగ్గానికి ఎక్కించరు. పాత పోగు కొస, కొత్త పోగు కొస కలిపి బొటనవేలు, చూపుడువేలు మధ్య పురి పెట్టి, అంటే మెలితిప్పి, అతుకుతారు. ఒక్కొక్క పోగే. వేళ్ళు జారకుండా బూడిద అద్దుకుంటారు. మా ఇంట్లో ఇది ఆడవాళ్ళ పని. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, చెరో అంచునించి మొదలుపెట్టి మధ్యలో కలుసుకోవాలి. ఎదుట మనిషి లేకుండా పడుగు అతికితే ఆ గుడ్డ కట్టుకున్నవాళ్ళకి తోడుండదని మా అమ్మ అనేది. చివరి పోగు మాత్రం పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకి వదిలెయ్యాలి.

మగ్గం పక్కన చిన్న గిన్నెలో బూడిద ఉంది. అది చూసి నాకు ఎంత సంతోషమేసిందో! వీళ్ళూ మనలాగే చేస్తారన్నమాట అనుకున్నాను. అటొకటి ఇటొకటి స్టూళ్ళు కూడా ఉన్నాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళ చేత చేయించడానికే పెట్టారనుకుని, ఇటు స్టూలు మీద కూర్చుని, బూడిద అద్దుకుని, నా అంచున మొదటి పోగు అతికాను.

పది పోగులు అయ్యాయో లేదో, అటు స్టూలు కిర్రుమంది. ఎదుటి అంచున రెండు చేతులు కనపడ్డాయి. బూడిదరంగు చేతుల చొక్కా, మణికట్టు దగ్గర మడత. ముడతలు పడిన వేళ్ళు. చూపుడువేలికి గుడ్డ పీలిక చుట్టి ఉంది. అవి కూడా అతకడం మొదలుపెట్టాయి.

ఇక్కడ మీరు నన్ను అడుగుతారు, ముఖం ఎలా ఉందని. నేను చూడలేదు. పడుగు అతికేటప్పుడు ఎవరూ తల ఎత్తరు. ఎత్తితే పోగు తప్పుతుంది. మా ఇంట్లో ఎదుట అమ్మ ఉందో పిన్ని ఉందో గాజుల చప్పుడు బట్టే తెలిసేది. ఆ అలవాటు కొద్దీ తల వంచుకునే "నమస్కారమండీ" అన్నాను. "ఊఁ" అని వినపడింది.

ఆ ఒక్క ఊఁతో నా నోటికి తాళం ఊడిపోయింది. తెలుగులోనే మొదలుపెట్టాను. చెల్లెలి పెళ్ళి, టికెట్ గొడవ, ఇక్కడి పాలకి మీగడ కట్టకపోవడం, నాకు మతి పోతోందేమోనన్న భయం, అన్నీ. ఏడ్చాను కూడా. చేతులు ఖాళీ లేక భుజానికి ముక్కు తుడుచుకున్నాను. మధ్యమధ్య అటునించి "ఊఁ", "ఊఁ". జపాన్ వాళ్ళు కూడా ఇంచుమించు అలాగే ఊఁ కొడతారని నాకు తర్వాత తెలిసింది. ఎంతసేపు గడిచిందో గుర్తులేదు. ఆ దేశం వచ్చాక నేను పొద్దు చూసుకోని రోజు అదొక్కటే.

మధ్యకి వచ్చేసరికి ఇద్దరి వేళ్ళూ దాదాపు తగిలేంత దగ్గరయ్యాయి. ఒకే ఒక్క పోగు మిగిలింది. అటు చేతులు వెనక్కి జరిగాయి. నాకు వదిలేశారు. నేను అది అతికి, నవ్వుతూ తల ఎత్తాను.

స్టూలు మీద ఎవరూ లేరు.

బాత్‌రూమ్‌కి వెళ్ళి ఉంటారనుకున్నాను. చెప్పి వెళ్దామని కూర్చున్నాను. ఇంతలో మా ఆయన వచ్చి "ఎవరితో మాట్లాడుతున్నావు ధనం?" అన్నారు. గొంతులో ఆ జాలి నాకు తెలుసు. కుర్చీతో మాట్లాడిన రోజు కూడా అదే జాలి. హాలు తలుపు దగ్గరనించి చూశారట, నేనొక్కదాన్నే కనపడ్డానట. వేలాడే గుడ్డలు అడ్డం ఉన్నాయి, మీకు అటు స్టూలు ఎలా కనపడుతుందండీ అని వాదించాను. వాదిస్తున్నకొద్దీ నాకే భయమేసింది.

అప్పుడే వంటింటి ఏప్రన్‌తో ఒకామె పరుగున వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. పేరు ఐరీన్. మగ్గం ఆమెదే. పడుగు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మధ్యాహ్నమంతా నూడుల్స్ వడ్డించే వంతు తనదట, అందుకే ఇటు రాలేదు. ముట్టుకోకూడనిది ముట్టుకున్నానని గబుక్కున లేచి నిలబడ్డాను. చేతనైన ఇంగ్లీషులో, ఇద్దరం అతికాం, పెద్దావిడ ఒకరు కూర్చున్నారు అని చెప్పాను.

"ఇక్కడ పెద్దావిడ ఎవరూ లేరే," అంది ఐరీన్. "ఇది మా అమ్మ మగ్గం. అమ్మ ఈ వసంతంలో పోయింది. ఈ పడుగు అతకబోతూ మంచాన పడింది. ఊరికే అందరూ చూస్తారని పెట్టాను."

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇక్కడున్న జపాన్ వాళ్ళని అమెరికా ప్రభుత్వం క్యాంపుల్లో పెట్టిందట. అక్కడినించి తిరిగొచ్చాక ఐరీన్ తండ్రి చేసిచ్చిన మగ్గమట అది. ఇక ఆ బూడిద, నేతకి పెట్టింది కాదు. వాళ్ళమ్మ కోసం పొద్దున ఐరీన్ అగరొత్తులు వెలిగించిన గిన్నె. నేను వేళ్ళు ముంచింది అందులో.

నేను చేతులు కొంగులో దాచుకున్నాను. మా ఆయన "సారీ, సారీ" అంటున్నారు. ఐరీన్ వినడంలేదు. పడుగు మీద వేలితో మెల్లగా రాస్తూ ఈ అంచునించి ఆ అంచుకి వెళ్ళింది. మధ్యలో ఆగింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. తర్వాత మా ఆయన చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టింది.

మా ఆయనది కూడా మగ్గాల ఇల్లే. ఇంజనీరయితేనేం, పుట్టుకతో వచ్చిన వేళ్ళు ఎక్కడికి పోతాయి? ఆయన బొటనవేలు మధ్యదాకా వెళ్ళి ఆగింది. నా సగమంతా కుడి పురి. అటు సగమంతా ఎడమ పురి. కుడిచేతివాటం మనిషి ఏ వైపు కూర్చుని అతికినా పురి మారదు. ఎడమచేతివాటం ఉంటేనే అలా పడుతుంది.

"మా అమ్మది ఎడమ చెయ్యి," అంది ఐరీన్.

ప్రతిదానికీ ఓ కారణం చెప్పే మా ఆయన మళ్ళీ మొదటినించి ఆ పోగులన్నీ తడిమి చూశారు. కారులో ఎక్కాక అన్నారు, "టికెట్ సంగతి తర్వాత చూద్దాంలే" అని. ఆ తర్వాత ఆ ఊసెత్తలేదు.

నేను ఊరికే నమ్మేసే మనిషిని కాదని చెప్పాను కదా. వాళ్ళమ్మ ముందే సగం అతికి ఉంటుందేమోనని అడిగాను. లేదంది ఐరీన్, ఆ రోజు పొద్దున కొసలన్నీ దువ్వి కుచ్చులుగా ముడివేసింది తనేనట. రెండంచులా అతకని కొసలు నేనూ కళ్ళారా చూశాను. పరధ్యానంలో నేనే రెండు రకాలుగా చేశానేమోనని ఇంట్లో కుట్టుదారంతో ఎడమ పురి పెట్టి చూశాను. పట్టుమని నాలుగు అతుకులు నిలవలేదు. ముందున్న కుండల దుకాణం అతను నేను మాట్లాడుతూ పనిచేయడం చూశాడట, ఎదురు స్టూలు గమనించలేదన్నాడు. దారినపోయే ఎడమచేతివాటం ఆవిడెవరో కూర్చుని, చెప్పకుండా వెళ్ళిపోయి ఉండొచ్చు. అదే నిజమైతే నాకూ హాయే. ఐరీన్ ఆ వీధంతా అడిగింది. నేనని ఎవరూ ముందుకు రాలేదు.

వాళ్ళమ్మ ఫోటో చూపించింది. భుజాల వరకే ఉంది. ముఖం నాకు పరిచయం లేదు. నాకు పరిచయమైన చేతులు ఫోటోలో లేవు. మీ అమ్మ పనిచేసేటప్పుడు మాట్లాడుతుండేదా అని అడిగితే, "లేదు, వినేది" అంది ఐరీన్.

ఆ తర్వాత ప్రతి శనివారం మా ఆయన నన్ను ఐరీన్ ఇంట్లో దింపేవారు. ఆ పడుగు నేసింది నేనే. మరుసటి ఏడు సంతలో ఆ గుడ్డ ఐరీన్ మెడ చుట్టూ ఉంది. అతుకులున్న ముక్క మామూలుగా కోసి పారేస్తారు. నేను దాచుకున్నాను. ఇప్పటికీ వేలితో రాస్తే సరిగ్గా మధ్యలో పురి మారుతుంది.

కొన్నేళ్ళకి ఇండియా వెళ్ళినప్పుడు అమ్మకి అంతా చెప్పాను. భయపడుతుందనుకున్నాను. వింటూ వింటూ బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉంది.

"చివరి పోగు ఎవరు అతికారే?" అంది.

నేనే అన్నాను. ఆవిడ వదిలేసిందన్నాను.

"పద్ధతి తెలిసిన మనిషే," అని మళ్ళీ చేటలోకి వంగింది.

ఆ మనిషెవరో నాకు తెలీదు. తెలుస్తుందన్న ఆశ కూడా ఇప్పుడు లేదు. కానీ ఆ దేశంలో నేను గుండె విప్పి చెప్పుకుంటే మొదటిసారి ఊఁ కొట్టింది ఆవిడే. ఆవిడ లేదని ఎవరైనా అంటే, ఆ అతుకుల ముక్క తీసి వాళ్ళ వేలికింద పెడతాను.