కొమురన్న గొర్రెలు

ఎవరైనా నన్ను మంచోడివి అంటే మాట మార్చేస్తాను. ఏళ్లుగా ఇదే బరువు. ఇంతవరకు ఎవరి ముందూ నోరు విప్పలేదు. మీరు నా మొఖం ఎరుగరు, అందుకే మీకు చెబుతున్నాను.

నేను మాదాపూర్‌లో ఆఫీసు క్యాబ్ నడుపుతాను. కొమురన్న అక్కడే ఒక గేటు దగ్గర సెక్యూరిటీ. ఆ పని ఇప్పించింది నేనే. బోరబండలో ఒకే గదిలో ఉంటాం. ఊళ్లో ఇద్దరం గొర్రెలు కాసుకునేవాళ్లం. ఒకే వరదలో ఇద్దరి మందలూ పోయాయని ఆయన అందరికీ చెబుతాడు. పోయింది ఆయన మంద ఒక్కటే.

వాగు పొంగేముందే నా మందను బావ వాళ్ల ఊరి గుట్ట మీదికి తోలాను. తెల్లారి చూస్తే నా చేను కంచెకు చచ్చిన గొర్రెలు తట్టుకుని ఉన్నాయి. చెవులు చూశాను. మాలో ఎవరి మందకు వాళ్లం చెవి కోసి గుర్తు పెట్టుకుంటాం. అది కొమురన్న కోత. వెంటనే పోయి చెప్పాలి కదా? పోలేదు. నష్టం రాసుకోవడానికి పశువుల డాక్టరు, రెవెన్యూ సారు వస్తున్నారని, చచ్చిన జీవం కంటికి కనబడితేనే సర్కారు సాయమని అప్పటికే విన్నాను. సారు వచ్చి ఎవరివని అడిగాడు. నావే అన్నాను. వాటి పక్కన కూర్చోబెట్టి ఫోటో తీశారు. నిజంగానే ఏడ్చాను. ఎందుకేడ్చానో ఇప్పటికీ తెలియదు. దొంగకు కూడా ఏడుపొస్తుందా? ఆ తర్వాత గుంత తీసి పూడ్చేశాం.

పొద్దుగూకే వేళ కొమురన్న వచ్చాడు. నడుం దాకా బురద.

"తమ్మీ, నీ దిక్కు ఏమన్న కొట్టుకొచ్చినయా?"

"లేదన్నా. నావి గూడ పోయినయ్."

"అయ్యో, నీవి గూడనా!" అని నన్ను దగ్గరికి తీసుకున్నాడు. "ఫికర్ జెయ్యకు. బతికుంటే బలుసాకు తినొచ్చు."

మంద పోయినవాడు నన్ను ఓదార్చాడు. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

ఆయన వాగు వెంట చాలా దూరం వెతికాడు. ఒక్కటీ చూపించలేకపోయాడు కాబట్టి ఆయన పేరు రాసుకోలేదు. నాకొచ్చిన సాయం పాత కారుకు మొదటి కిస్తీ అయింది. నా మందను ఎవరికీ తెలియకుండా దూరపు సంతలో అమ్ముకున్నాను. ఆయన మళ్లీ మంద కట్టలేకపోయాడు. ఇప్పుడు వచ్చిన ప్రతి కారు కిందా అద్దం పెట్టి చూస్తాడు, లోపలి సారు హారన్ కొడితే ఉరుకుతాడు.

పని ఇప్పించాను కదా, గది కిరాయి ఎక్కువ నేనే కడుతున్నాను కదా అని మనసుకు సర్దిచెప్పుకుంటాను. నిజం తెలిస్తే ఆయన తట్టుకోలేడని, ఆయన మేలు కోరే దాచానని కూడా అనుకుంటాను. ఎవరి మేలు? ఆయన నన్ను వదిలిపోతే ఈ పట్నంలో నన్ను తమ్మీ అని పిలిచేవాళ్లు లేరు, అదీ నా భయం. సిగ్గుగా ఉంది.

నిన్న అన్నం తింటూ మళ్లీ అదే మాట ఎత్తాడు. ఇంకో దినం వెతికుంటే దొరికేవట. తానే బద్ధకించాడట. పెళ్లాం పిల్లలకు తానే అన్యాయం చేశాడట. నేను పప్పు వడ్డించాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. ఈ మాట ఒక్కసారి బయటపడితే కాస్త ఊపిరి ఆడుతుందేమోనని రాస్తున్నాను. కొమురన్న వెతకడంలో తప్పు లేదు. ఏడాది వెతికినా దొరికేవి కావు. నావని చెప్పి నేనే పూడ్చాను.