పెట్టె మీద రెండో పేరు

ఇది సముద్రాలు దాటిన ఒక మహాప్రయాణ గాథ. ఇందులో ఓడలున్నాయి, ఖండాలున్నాయి, ఉన్నాడో పోయాడో తెలియని మనిషి రాక కూడా ఉంది. ఇలా మొదలుపెట్టాలని నాకు చాలా ఆశగా ఉంది కానీ, నిజానికి ఇది ఒక ఇనుప పెట్టెకు రంగు వేయించిన సంగతి. పోయిన వారం మా గేటుకు రంగు వేయడానికి వచ్చిన పెయింటరు, డబ్బాలో కాస్త మిగిలిందని, వరండాలో మేము రాగులు పోసుకునే ఆ పెట్టెకూ ఒక పూత వేయనా అని అడిగాడు. వద్దని నేను అన్న తీరుకు కుంచె దించి నా ముఖంలోకి చూశాడు.

డెబ్బైల మొదట్లో నేను మద్రాసులో ఎమ్మెస్సీ ముగించి, జాంబియాలో లెక్కల టీచరు ఉద్యోగం తెచ్చుకుని, తమిళనాడులోని మా ఊరు ధర్మపురికి వచ్చినప్పుడు, మా ఇంట్లో పరదేశానికి సరిపడే పెట్టె అదొక్కటే. అది మా అవ్వ తమ్ముడిది. ఆయన మలయా రబ్బరు తోటలో గుమాస్తాగా పోయినవాడు. రెండేళ్ళ తర్వాత పెట్టె మాత్రం ఓడెక్కి, రైలెక్కి మా దగ్గరి బొమ్మిడి స్టేషనులో దిగింది. బట్టలు మడత పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయట. ఉత్తరం లేదు, మనిషి లేడు. ఇరవై రెండేళ్ళ దగ్గర ఆగిపోయి, ఆపైన ఒక్క ఏడూ పెరగకుండానే నాకు తాత అయిన మనిషి ఆయన.

మూత మీద తమిళంలో నల్లగా ఆయన పేరు ఉండేది. లారీలకు పేర్లు రాసే పెయింటరుతో దాని మీద పచ్చ రంగు కొట్టించి, నా పేరు తెల్లగా రాయించి, చీరలు, లెక్కల పుస్తకాలు, ఉలవపొడి, కాఫీ ఫిల్టరు సర్దుకున్నాను. మూడో రోజు మధ్యాహ్నం, ఎండ వసారాలోకి జారే వేళకు, నా పేరు కింద నుంచి ఆయన పేరు పైకి వచ్చింది. ముందు నీడలాగా, గోధుమ రంగులో, సాయంత్రానికి చదవగలిగేంతగా. అవ్వకు ఏ భాషలోనూ అక్షరం రాదు, కానీ ఆ ఆకారాన్ని మాత్రం ఎక్కడున్నా గుర్తుపట్టేది. చేతిలో చేటతో అట్లే నిలబడిపోయింది.

సామానంతా దించి మళ్ళీ రంగు కొట్టించాము. మళ్ళీ వచ్చింది. మూడోసారి పిలిస్తే పెయింటరు, సోగత్తూరులో బంధువుల పెళ్ళి ఉందని రాలేదు. ఆ నెలలో ముహూర్తాలే లేవు. వసారాలో ఎవరో పడుకుని ఉన్నట్టు, ఇంటిల్లిపాదీ గొంతు తగ్గించి మాట్లాడుకోవడం మొదలైంది. బొంబాయి ప్రయాణానికి ఇంకా నాలుగు రోజులే.

"నువ్వు పోతే పోతావు మే. తిరిగి పెట్టె ఒకటే వస్తాది," అంది అవ్వ.

అవ్వ సరే అనకుండా మా ఇంట్లో ఎద్దును కూడా సంతకు తోలరు. నాయన నా టికెట్టు మడిచి తన జేబులో పెట్టుకున్నాడు.

భయం వేస్తే నాకు నోరు ఊరుకోదు. "ఆపేదానికి రాలేదవ్వా ఆయన. టికెట్టు లేదు కదా, నా పెట్టె మీద సీటు పట్టుకున్నాడు," అన్నాను. ఎవరూ నవ్వలేదు. అవ్వ మాత్రం నన్ను ఎగాదిగా చూసి, లేచి లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున చూస్తే పెట్టె పక్కన కూర్చుని, కొంగుతో మూత తుడుస్తూ ఉంది. "ఇంక రంగు కొట్టొద్దు. వాని పేరు వానికి ఉండనీ. ఇద్దరూ పోండి," అని, కొంగు దులుపుకుని, "ఇద్దరూ రండి," అంది. నాయన జేబులోంచి టికెట్టు తీశాడు.

జాంబియాలో దిగినప్పుడు కస్టమ్స్ అధికారి ఈ రెండో పేరు ఎవరిదని అడిగితే మా తాతదన్నాను. వయసెంత అంటే ఇరవై రెండన్నాను. అక్కడ ఒంటరిగా గదిలో ఉన్న మూడేళ్ళూ ఆ పెట్టె వైపు కాళ్ళు చాపి పడుకోలేదని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గు లేదు.

తిరిగి వచ్చిన రోజు బొమ్మిడిలో రైలు దిగి టాక్సీలో ఇల్లు చేరాను. అవ్వ నన్ను తడిమి చూసింది, పెట్టెను తడిమి చూసింది, ఆ తర్వాత ఇంకా ఎవరో దిగవలసి ఉన్నట్టు, తెరిచిన కారు తలుపు వైపు చూస్తూ నిలబడింది. కారు పోయిన తర్వాత కూడా. అప్పుడు మాత్రం నాకు ఏ జోకూ తోచలేదు.

ఇప్పటి పిల్లలు చక్రాల సూట్‌కేసులు లాక్కుంటూ పోతారు. వాళ్ళ పేరు ఒక కాగితం చీటీ మీద ఉంటుంది, దిగగానే చింపి పారేస్తారు. మనిషి చేరాడో లేదో ఫోనే చెబుతుంది కనుక పెట్టెను తడిమి చూసే పని ఎవరికీ లేదు. మంచిదే. మా పెట్టె మీద మాత్రం నా పేరు ఎప్పుడో వెలిసిపోయింది, ఆయనది చెక్కుచెదరలేదు.

ఇదంతా పెయింటరుకు చెప్పాను. శ్రద్ధగా విని, ఆ అక్షరాలను గోటితో గీకి వాసన చూశాడు. పాత పేరు తారుతో రాశారట. తారు మీద ఆయిల్ పెయింట్ ఎన్ని పూతలు వేసినా అది పైకి తేలుతుందట. అది పైకి రాకూడదంటే ముందు అల్యూమినియం పెయింట్ ఒక పూత కొట్టి, ఒక రోజు ఆరనివ్వాలట.