తెర నా వైపు తిప్పిన డాక్టరు

ఆ స్కాన్ల డాక్టరు నోరు విప్పే ముందు కంప్యూటర్ తెరను నా వైపు తిప్పేవాడు. పక్కనే చదువుకున్న కూతురుంది. నగరం ఆ చివరనున్న ద్వారక నుంచి, ఆఫీసుకు సెలవు పెట్టి మరీ నన్ను తీసుకొచ్చింది. దాన్ని వదిలేసి వేలిముద్ర వేసే నాకు చూపిస్తాడేమిటని నాకు ఒకటే అనుమానం.

నా కిడ్నీలో క్యాన్సర్ గడ్డకు సూదులు గుచ్చి, దాన్ని మంచులా గడ్డకట్టించి చంపారు. కొద్ది రోజులకే ఎమ్మారై తీశారు. తెర మీద మచ్చ మునుపటికన్నా పెద్దదిగా ఉంది.

"పెరిగిందిగా!" అన్నాను.

"నహీ మాతాజీ. గడ్డ చుట్టూ కాస్త మంచి కండను కూడా కలిపి చంపుతాం. అందుకే పెద్దగా కనిపిస్తుంది."

"విన్నావుగా అమ్మా, ఏం లేదట," అంది కూతురు.

ఆ మాట నాకు కొత్త కాదు. మా ఆయన పోయే ముందు కూడా డాక్టర్లు నాతో నవ్వుతూ ఏం లేదన్నారు. ఉన్నదేదో వరండాలో మా మరిది చెవిన వేశారు. అందుకే ఈ స్కానుతో సరి, ఇక రానని ఇంట్లో తేల్చి చెప్పేశాను.

కూతుర్ని మంచినీళ్ళకు పంపి తెర మీద వేలు పెట్టాను.

"డాక్టర్ సాబ్, సచ్ బోలో, నిజం చెప్పండి. మచ్చ అంచున ఈ తెల్ల గీత ఏమిటి?"

ఆయన నవ్వలేదు. "మానేటప్పుడు వచ్చే వాపే అనుకుంటున్నాను. మిగిలిన జబ్బు కూడా కావచ్చు. ఇంత తొందరగా తీసిన స్కానులో నాకు తెలియడం లేదు మాతాజీ. కొన్ని నెలలాగి మళ్ళీ చూడాలి."

మా ఆయన్ని చూసిన డాక్టర్లలో తెలియదన్నవాడు ఒక్కడూ లేడు.

కూతురు తిరిగి రాకముందే, మళ్ళీ ఎప్పుడు రమ్మంటారో అడిగేశాను.