పచ్చగుడ్డ తిత్తి

నర్సమ్మ పోయిందని ఆసుపత్రి ఆయా ఫోన్ చేసి చెప్పింది. ఏడుపు కంటే ముందు నాకు అనుమానమే వచ్చింది. నా నంబరు ఈమెకెవరిచ్చారు, ఇంకా ఎవరెవరి దగ్గర ఉంది అని. మీరు నవ్వుకోవచ్చు. పుట్టుకతోనే హెచ్‌ఐవి ఉన్నవాళ్లం ఇలాగే బతుకుతాం. నన్ను ఇంతకాలం బతికించిన మనిషి నాకంటే పెద్ద అనుమానాల పుట్ట.

ఆమె నంద్యాల ఆసుపత్రిలో మాలాంటి పిల్లల మందులు చూసేది. మా అవ్వ గడివేముల నుంచి నన్ను తీసుకుపోయేది. మాత్ర మింగానంటే నర్సమ్మ ఏనాడూ నమ్మలేదు. "మాటలొద్దు, నోరు తెరువు" అనేది. నాలుక ఎత్తించి మరీ చూసేది. అది వట్టి అనుమానమేం కాదు. చేదని మాత్ర బుగ్గన దాచి, దిండు కింద ఉమ్మేసే రకం నేను.

అప్పుడప్పుడూ ఇంటికీ వచ్చేది. పూల చీర కట్టుకుని, చేతిలో కాయగూరల సంచితో. ఎవరని పక్కింటామె ఆరా తీస్తే, పాపకు పిన్నమ్మనని తడుముకోకుండా చెప్పింది. ఆమె అటు పోగానే నా వైపు తిరిగి, "ఎవురడిగినా ఇదే చెప్పు. నమ్మకుంటే వాళ్ల కర్మ" అంది.

బయటికి పోయినప్పుడు మాత్ర ఎలాగని అవ్వ దిగులు పడితే, వక్కాకు తిత్తిలాంటిది పచ్చగుడ్డతో తనే కుట్టిచ్చింది. ఆ పూట మాత్ర అందులో పెట్టుకోవాలి. గోడవైపు తిరిగి, వక్క వేసుకున్నట్టు వేసుకోవాలి. నాకొక్కదానికే కుట్టిందని మురిసిపోయాను. ఇప్పటికీ అదే వాడుతున్నాను. నంద్యాలలో నేను పనిచేసే బట్టల కొట్లో ఎవరికీ నా సంగతి తెలియదు. తెలిస్తే మర్నాడు రావద్దంటారు.

సాయంత్రానికి ఆళ్లగడ్డలో ఆమె ఇంటికి చేరాను. శవపెట్టె చుట్టూ కూర్చుని ప్రార్థన పాటలు పాడుతున్నారు. ఆమె అన్న గుమ్మంలో ఆపి ఎవరని అడిగాడు. పిన్నమ్మ అవుతుందన్నాను.

"మధ్యాన్నం నుంచి వచ్చినోళ్లంతా ఇదే చెప్తాండారు. మా అమ్మకు మేమిద్దరమే. ఇంట్లో వాటా కోసం వచ్చినారా ఏందీ?"

నిజం చెబితే ఆయన నోరు మూతపడేది, నా పనీ పోయేది. తల దించుకుని లోపలికి పోయాను. ఆమె ముఖం చూశాక మాత్రం ఏడుపు ఆగలేదు.

రాత్రి ఎనిమిదికి, మాత్ర వేళకు, అలవాటు కొద్దీ పక్క గోడ దగ్గరికి జరిగాను. అక్కడ అప్పటికే ఎవరో కుర్రాడు నిలబడి ఉన్నాడు. చెయ్యి జేబులో పెట్టుకుని, నన్నే అనుమానంగా చూస్తున్నాడు. అతను కదలడు, నేను కదలను. మాత్ర వేళ దాటిపోతోంది. ఆమె ఉంటే ఇద్దరినీ తిట్టేది.

నేనే ముందు తిత్తి బయటికి తీశాను. దాన్ని చూసి అతనూ జేబులోంచి చెయ్యి తీశాడు. అదే పచ్చగుడ్డ, అదే కుట్టు.

"నీళ్లుండాయా అక్కా?" అన్నాడు.

సీసా ఇచ్చాను. మాత్ర వేసుకుని తాగాడు. సీసా తిరిగిస్తూ, నేను అడగకుండానే నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపించాడు.