వెనక సైకిలు వరలక్ష్మి టీచరుగారు

వరలక్ష్మి టీచరుగారు ఇక లేరన్న కబురు మొన్న పొద్దున్న పాలు కాస్తుండగా వచ్చింది. పొయ్యి కట్టేశాను గానీ ఫోను కిందపెట్టలేకపోయాను. ముందటి సాయంత్రమే "ఆదివారానికి టైర్లలో గాలి కొట్టించుకోండర్రా" అని చెప్పిన మనిషి! నిద్రలోనే గుండె ఆగిందట. నా మనసు ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు.

చోడవరంలో ఆమె పాఠం వినని కుటుంబం అరుదు. సాంఘికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఆ విదుషీమణి విశ్రాంతి కోరక, మావంటి గృహిణులను కూడగట్టి సైకిలు యాత్ర తలపెట్టారు. మేమందరం బడికి సైకిలు తొక్కినవాళ్లమే, పెళ్లయ్యాక హ్యాండిలు ముట్టనివాళ్లమే. మాడుగుల వెళ్లి, హల్వా తిని, తిరిగి రావాలి. "సగం దూరం ఎల్లి ఆటోల్లో ఒచ్చెత్తారు సూడండి" అని కూడలిలో జనం నవ్వారు. ఒక్కరు ఆటో ఎక్కినా మళ్లీ ఏ ఇంట్లోనూ మా సైకిళ్లను బయటికి రానివ్వరని మాకు తెలుసు. ఆమెకు ఇంకా బాగా తెలుసు.

అందుకే ఆమె ముందు సాగలేదు. "ముందెల్లేవోళ్లకి దారి కనిపిస్తాది. ఎనకున్నోళ్లకే మనిషి కావాల" అన్నారు. అందరికంటే వెనక నేను, నా వెనక ఆమె.

అన్నీ ఆలోచించారు, చుట్టరికాలు తప్ప. దారి పొడుగునా ఊళ్లు, ఊరూరా మా చుట్టాలు. మొదటి ఊళ్లోనే మాలో ఒకరైన పార్వతికి వాళ్ల పిన్ని చెరుకుబండిలా అడ్డం నిలబడింది. "ఏటే, మా గుమ్మం ముందు నుంచి ఎల్తా లోపలికి రావా? మేం అంత కానోళ్లమైపోనామా?" తరువాతి ఊళ్లో ఇంకొకరు మేనత్త ఇంట చిక్కుకున్నారు. చూస్తుండగానే బృందం చెదిరి, రోడ్డు మీద మేమిద్దరమే మిగిలాం. నాకు ఏడుపొచ్చింది. ఆమె సహనమూర్తి. వెనక్కి తిరిగి ఒక్కో గుమ్మానికీ వెళ్లి, ఇచ్చిన కాఫీ తాగి, క్షేమసమాచారాలడిగి, మనిషిని వెంటబెట్టుకుని బయటికొచ్చారు. పొద్దున్న చేరవలసిన మాడుగులకు మిట్టమధ్యాహ్నం చేరాం. హల్వా ముందు కూర్చుని, "కాఫీలతోటే కడుపు నిండిపోనాదర్రా" అని నవ్వారు. ఆ తర్వాత ఏ యాత్రకైనా దూరంతోపాటు చుట్టాల ఇళ్లనూ లెక్కలో వేసుకునేవారు.

ఆ మొదటి యాత్ర తిరుగుదారిలో నా పిక్కలు పట్టేశాయి. పక్కన ఒక ఆటో ఆగింది. నేను దానివైపు ఆశగా చూశాను. ఆమె తన సైకిలు దిగి, "నడిసెల్దాం రా. నడిసినా సైకిలుతోటే ఇంటికెల్తాం గదా" అన్నారు. నాతోపాటే నడిచారు. పొలిమేరలో మిగతావాళ్లు మాకోసం ఆగి ఉన్నారు. అందరం కలిసే కూడలి దాటాం. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

నిన్న ఆమె అంతిమయాత్ర. ఆడవాళ్లు శ్మశానానికి వెళ్లని ఆనవాయితీ మాది, వీధి చివర ఆగిపోవాలి. మేము సైకిళ్లు పట్టుకుని వెనకే నడిచాం. ఒక పెద్దాయన అడ్డుకుని, "ఆడోళ్లు ఇక్కడ్నుంచి తిరిగెల్లిపోవాలమ్మా" అన్నారు. టీచరుగారి భర్త ఆగి, వెనక్కి చూశారు.

"రానియ్యండి బాబూ. ఇన్నాళ్లూ ఈలందర్నీ ముందు పంపించి ఎనకొచ్చిన మనిషి. ఇయాల ఒక్కరోజే ముందెల్తంది."

పెద్దాయన పక్కకు జరిగారు. చివరిదాకా వెళ్లాం.

ఆ మహనీయురాలికి నా కన్నీటి నమస్కారం. ఆదివారం యాత్ర ఆపడం లేదు. ఎప్పటిలాగే అందరికంటే చివర నేనే ఉంటాను. నా వెనక మాత్రం ఇంకెవరూ ఉండరు.